పూచీ మనది, పెత్తనం ఎవరిది?

మన ఊళ్లలో సంఘం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఆదివారం ఆరాధనకు కూడుకునేది ఒక సంఘం. వారానికో నెలకో ఎవరో ఒకరి వరండాలో కూర్చుని పొదుపు కట్టి, కిస్తీ లెక్క చూసుకునేది ఇంకో సంఘం. చాలా గ్రామాల్లో ఈ రెండింటిలోనూ కనబడేది అవే అమ్మలు, అవే అక్కలు. కూరగాయల గంప, కుట్టుమిషను, రెండు పాడిగేదెలు, టిఫిన్ బండి, చిన్న కిరాణా కొట్టు. వీటిలో చాలావాటి వెనుక ఆ రెండో సంఘం ద్వారా వచ్చిన అప్పు ఉంది. ఆ అప్పుకు ఆస్తి తాకట్టు ఉండదు. తాకట్టుకు బదులు తోటివారి పూచీ ఉంటుంది. ఒకరు కట్టలేకపోతే మిగతావారు కట్టాలి.

బీదవానికి ఆస్తి లేకపోయినా అతన్ని ఎరిగిన పొరుగువారున్నారు, ఆ ఎరుకే తాకట్టు కాగలదు అన్న ఆలోచన పాతదే. దాన్ని పల్లెల్లో ఒక సంస్థగా నిలబెట్టి చూపించినవారిలో ముఖ్యుడు జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్. ఆయన బ్యాంకరు కాదు. బైబిలు చదువుకునే ఒక ప్రొటెస్టెంట్ విశ్వాసి, చిన్న ప్రభుత్వోద్యోగి. ఆయన మొదలుపెట్టిన పని ఇరవై ఏళ్లలోపే నాలుగు రూపాలు మార్చుకుంది. ఎందుకు మారాల్సి వచ్చిందో తెలుసుకుంటే, ఈ రోజు మన వరండాలో జరిగే మీటింగులో ఏముందో, ఏం లేదో కూడా తెలుస్తుంది.

మొదటి రూపం: రొట్టెల సంఘం

రైఫైజెన్ 1818లో పశ్చిమ జర్మనీలోని హామ్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి జబ్బుపడటంతో కుటుంబం చితికిపోయింది. పై బడికి పంపే స్తోమత లేకపోతే ఆ ఊరి పాదిరిగారే అతనికి చదువు చెప్పారు. పదిహేడేళ్లకు సైన్యంలో చేరాడు. కంటి జబ్బు వల్ల ఆ ఉద్యోగం వదులుకుని ప్రభుత్వ కొలువులోకి వచ్చాడు. 1845లో వైయర్‌బుష్‌కు మేయరయ్యాడు. అక్కడ మేయరంటే కొన్ని పల్లెలను కలిపి చూసే అధికారి, మన మండలాధికారి వంటివాడు.

మరుసటి ఏడాది పంటలు పోయాయి. బంగాళాదుంప తెగులు అప్పటికే ఐరోపా అంతటా వ్యాపించి ఉంది. 1846-47 చలికాలంలో ఆ కొండ పల్లెల్లో ఆకలి మొదలైంది. ప్రభుత్వం పిండి పంపింది గాని, నగదు ఇచ్చినవారికే అమ్మమని షరతు పెట్టింది. ఆకలితో ఉన్నవారి దగ్గర లేనిదే నగదు! రైఫైజెన్ ఆ షరతును పక్కనబెట్టి పిండిని అప్పుగా ఇచ్చాడు. ఊళ్లో కలిగినవారిని కూడగట్టి, వారు వేసిన డబ్బుతో ధాన్యం కొని, ఊరుమ్మడి రొట్టెల బట్టీ కట్టించి, బజారు కంటే తక్కువ ధరకు రొట్టెలు అందేలా చేశాడు.

ఇది సాయం. కరవులో చేయవలసిన పని ఇదే. అయితే ఆకలి తీరినంత మాత్రాన ఆకలికి కారణం పోదు. ఆ రైతుకు వచ్చే ఏడు విత్తనం లేదు, పశువు లేదు, పండిన కాస్త గింజలను సంతకు తోలుకెళ్లే దారి కూడా సరిగా లేదు. రైన్ నది ఒడ్డున ఉన్న బజార్లను ఆ పల్లెలతో కలిపే రోడ్డు వేయించటంలో కూడా రైఫైజెన్ పాటుపడ్డాడు. సరుకు అమ్ముకునే దారి లేకుండా ఇచ్చిన అప్పు ఎలా తీరుతుంది?

రెండవ రూపం: పశువుల సంఘం

1848లో ఆయన ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ అయ్యాడు. అక్కడ రైతును పీడిస్తున్నది పశువుల అప్పు. వ్యాపారి ఆవును అప్పు మీద తోలి ఇచ్చేవాడు. రైతు మేపేవాడు. వడ్డీ, దూడ, ధర అన్నీ వ్యాపారి చెప్పినట్టే. ఒక వాయిదా తప్పితే ఆవు పోయేది, కొన్నిసార్లు పొలమూ పోయేది.

1849లో రైఫైజెన్ సుమారు 60 మంది కలిగినవారిని ఒక సంఘంగా చేర్చాడు. వారు తమ ఆస్తులన్నిటినీ ఒడ్డి ఉమ్మడిగా పూచీ పడ్డారు. ఆ పూచీ మీద డబ్బు తెచ్చి, పశువులు కొని, బీద రైతులకిచ్చి, ఐదేళ్ల వాయిదాల్లో తీర్చమన్నారు. కొంతకాలానికి పశువుకు బదులు డబ్బే ఇవ్వటం మొదలుపెట్టారు. రొట్టె ఆ పూటతో అయిపోతుంది. ఆవు మాత్రం మరుసటి రోజు కూడా పాలిస్తుంది. సాయం నుంచి ఉపాధికి వేసిన మొదటి అడుగు ఇది.

రైఫైజెన్ గురించి ఒక చేదు నిజం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ పశువుల వ్యాపారంలో యూదులు చాలామంది ఉండేవారు. వడ్డీ పీడన గురించి ఆయన రాసిన రాతల్లో యూదుల పట్ల ఆ కాలపు ద్వేషం కనబడుతుంది. కొందరి వ్యాపారాన్ని చూసి ఒక జనాంగాన్ని నిందించటం పాపమే. తర్వాతి శతాబ్దంలో ఐరోపాలో ఆ ద్వేషం ఎంత దూరం వెళ్లిందో మనకు తెలుసు. ఆయన పద్ధతిని మెచ్చుకునే మనం ఈ మచ్చను దాచనక్కరలేదు.

మూడవ రూపం: ధర్మ సంఘం

1852లో హెడ్డెస్‌డోర్ఫ్‌కు వెళ్లాక ఆయన ఆశ ఇంకా పెద్దదైంది. 1854లో అక్కడ పెట్టిన సంఘం పరిధి చాలా విశాలం. దిక్కులేని పిల్లల పెంపకం, పనిలేనివారికి పని, జైలు నుంచి విడుదలైనవారికి ఆదరణ, రైతులకు అప్పులు. ఇవన్నీ ఒకే సంఘం చేతి కింద.

అయితే మనం మన సంఘాల్లో చూసేదే అక్కడా జరిగింది. మొదట చూపిన ఉత్సాహం దాతల్లో సన్నగిల్లింది. పూచీ పడిన కలిగినవారికి తమ ఆస్తి గురించి దిగులు పట్టుకుంది. లాభం బీదవారిది, నష్టం వస్తే తమది. మొదటి ఏడు ప్రేమతో మోసిన బరువు పదో ఏటికి భారమైపోతుంది. ఒక్కొక్క పనీ జారిపోయి చివరికి అప్పుల పని ఒక్కటే నిలిచింది.

ఇంకో లోపం కూడా ఉంది. అప్పు తీసుకున్నవాడు ఆ సంఘంలో సభ్యుడు కాడు, లబ్ధిదారుడు మాత్రమే. పెద్దలు లోపల కూర్చుని నిర్ణయిస్తారు, బీదవాడు గడప బయట నిలబడి వింటాడు. ఎవరి డబ్బో ఎవరి నిర్ణయమో తెలియనప్పుడు, దాన్ని తిరిగి కట్టడంలోనూ తనదన్న భావం ఉండదు.

నాలుగవ రూపం: అప్పు తీసుకునేవారి సంఘం

1864లో రైఫైజెన్ ఆ సంఘాన్ని కొత్త పునాది మీద కట్టాడు. అప్పు కావలసినవాడు ముందు సభ్యుడు కావాలి. సభ్యుడైతే అందరితో పాటు పూచీ పడాలి. పూచీ పడితే అందరితో పాటు ఓటు కూడా ఉంటుంది. గడప బయట నిలబడినవాడు లోపలికొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

దాతృత్వం మీద గాఢమైన నమ్మకమున్న మనిషికి ఈ మార్పు తేలికగా వచ్చి ఉండదు. పట్టణాల్లో చేతివృత్తులవారి కోసం సహకార సంఘాలు నడుపుతున్న హెర్మన్ షుల్ట్సె-డేలిచ్ స్వయం సహాయమే మార్గమని వాదిస్తూ వచ్చాడు. రైఫైజెన్ ఆ మాటలోని నిజాన్ని అనుభవంతో ఒప్పుకున్నాడు. కాని పొరుగు ప్రేమను వదిలిపెట్టలేదు. కలిగిన రైతులు కూడా సంఘంలో ఉండాలన్నాడు, దాతలుగా కాక తోటి సభ్యులుగా. వారి ఆస్తి ఉమ్మడి పూచీకి బలమిస్తుంది. ఆ బలం మీద బీదవానికి తక్కువ వడ్డీకి డబ్బు దొరుకుతుంది.

1865 నాటికి చూపు బాగా మందగించి ఆయన ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. పింఛను చాలక మొదట చుట్టల తయారీ, తర్వాత ద్రాక్షారసం వ్యాపారం చేశాడు. రాతపనిలో కూతురు అమేలీ ఆయనకు కన్నులైంది. 1866లో ఈ అప్పుల సంఘాల గురించి ఆయన పుస్తకం వెలువడింది. ఊరూరా సంఘాలు లేచాయి. 1888లో కన్నుమూసే నాటికి అవి వందల సంఖ్యలో ఉన్నాయి. ఈ రోజుకూ జర్మనీ, ఆస్ట్రియా వంటి దేశాల్లో బ్యాంకుల బోర్డుల మీద ఆయన పేరు కనబడుతుంది.

పూచీ ఎందుకు ఉరి కాలేదు?

పరుల కోసం పూచీ పడవద్దని సామెతల గ్రంథం మళ్లీ మళ్లీ హెచ్చరిస్తుంది. పూచీ పడినవాని కింద ఉన్న పరుపు కూడా పోవచ్చని అక్కడ ఉంది. అలాంటప్పుడు బైబిలెరిగిన మనిషి ఊరు ఊరంతటినీ ఒకరికొకరు పూచీ పడమని ఎలా అడిగాడు? ఆయన సంఘాల నియమాల్లో దీనికి జవాబుంది.

సంఘం పరిధి చిన్నది. ఒక ఊరు, మహా అయితే ఒక పాదిరి కింద ఉండే పల్లెలు. ఎవరు కష్టపడతారో, ఎవరు తాగుతారో అందరికీ తెలుసు. ఎరుగని మనిషికి పూచీ పడే అవసరం రాదు.

అప్పు పని కోసమే. విత్తనం, పశువు, పనిముట్టు, పాక. దేనికోసం తీసుకున్నాడో దానికే వాడాడా అని పొరుగువారే చూస్తారు.

కాలం రాబడిని బట్టి. పట్టణంలో చెప్పులు కుట్టేవాడు మూడు నెలల్లో తీర్చగలడు. రైతు పంట చేతికొచ్చేదాకా తీర్చలేడు. దూడ పాడికి రావటానికి ఏళ్లు పడుతుంది. అందుకే రైఫైజెన్ దీర్ఘ వాయిదాలకు పట్టుబట్టాడు. షుల్ట్సెతో ఆయనకు వచ్చిన పెద్ద వివాదాల్లో ఇదొకటి.

లాభం పంచుకోరు. మిగిలినది విభజించటానికి వీల్లేని ఉమ్మడి నిధిలోకి వెళ్తుంది. వాటాలు తప్పనిసరి అని చట్టం పట్టుబట్టినప్పుడు ఆయన సంఘాలు వాటాను నామమాత్రపు మొత్తంగా పెట్టుకున్నాయి. పక్కవాని వడ్డీతో తాను బాగుపడాలన్న ఆశకు అక్కడ చోటు లేదు.

నడిపేవారికి జీతం లేదు. లెక్కలు రాసే గుమాస్తాకు మాత్రమే కొంత ముట్టేది. చాలా చోట్ల పాదిరులు, బడిపంతుళ్లు ఈ బాధ్యతలు మోశారు. నడిపే కమిటీ మీద తనిఖీకి ఇంకో కమిటీ ఉండేది.

ఇవన్నీ కలిపి చూస్తే ఒక సూత్రం కనబడుతుంది. పూచీ ఎవరిదో పెత్తనమూ వారిదే. అప్పు ఎవరికివ్వాలో చెప్పే మాట, పద్దు పుస్తకం తెరిచి చూసే హక్కు, మిగులు మీద అధికారం పూచీ పడినవారి చేతిలోనే ఉన్నాయి. అందుకే ఆ పూచీ వారి మెడకు ఉరి కాకుండా చేతికి ఊతకర్ర అయింది.

మద్రాసుకు వచ్చిన దారి

ఈ కథ మన నేలకు వచ్చిన దారి కూడా సూటిగానే ఉంది. 1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి ఒక పని అప్పగించింది. రైతులు షావుకార్ల అప్పుల్లో కూరుకుపోతున్నారు, వ్యవసాయ బ్యాంకులు పెట్టే మార్గం చూడమంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. నికల్సన్ ఐరోపా పద్ధతులు చదివి 1895లో, 1897లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. వందల పేజీల సారం ఒక్కటే: ఈ దేశానికి ఒక రైఫైజెన్ కావాలి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. గ్రామీణ సంఘాల్లో అపరిమిత పూచీ, లాభం ఉమ్మడి నిధికే అన్న నియమాలు రైఫైజెన్ అచ్చులోనే పోశారు.

అచ్చు ఒకటే గాని, పుట్టుక వేరు. జర్మనీలో ముందు సంఘాలు పుట్టి, తర్వాత వాటికి తగిన చట్టం వచ్చింది. మన దగ్గర చాలావరకు ముందు చట్టం వచ్చింది, రిజిస్ట్రారు వచ్చాడు, ఆ తర్వాత ఆయన సంఘాలను పుట్టించాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1951-52లో జరిపిన దేశవ్యాప్త సర్వే ప్రకారం రైతులు చేసిన అప్పుల్లో సహకార సంఘాల వాటా సుమారు 3 శాతమే. దీనికి మందుగా సంఘాల్లో ప్రభుత్వమే వాటాదారు కావాలని సిఫారసు చేశారు. డబ్బు వచ్చింది, దానితో అధికారులూ రాజకీయాలూ వచ్చాయి. సభ్యుడు మళ్లీ గడప బయటి లబ్ధిదారుడయ్యాడు.

అయితే వేరే దారి లేకపోలేదు. 1956లో అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన రైతుల సహకార సంఘం అప్పు, ఎరువు, పంట అమ్మకం మూడింటినీ కలిపి నడిపి సభ్యుల సొంత సంస్థగా నిలిచింది. ఇలాంటి సంఘాలకు స్వేచ్ఛ కావాలన్న పోరాట ఫలితంగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యుల డబ్బుతో, సభ్యుల పాలనతో నడిచే సంఘాలకు దేశంలో మొదట దారి చూపిన చట్టం అదే. మహిళా పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమాన్ని నాబార్డు 1992లో మొదలుపెట్టింది. తెలుగు నేల మీద అది లక్షల సంఘాలుగా విస్తరించింది.

పూచీ మిగిలి పెత్తనం పోయినప్పుడు

అదే కాలంలో మరో దారి కూడా మన దగ్గరే మొదలైంది. 1990ల చివర మెదక్ జిల్లాలో స్వయం కృషి సంఘం అనే లాభాపేక్ష లేని సంస్థ బీద మహిళలకు చిన్న అప్పులివ్వటం ఆరంభించింది. ఐదుగురి గ్రూపు, వారం వారం కిస్తీ, ఒకరికొకరు పూచీ. 2005 ప్రాంతంలో అది ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ అనే కంపెనీగా మారింది. 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌లోకి వెళ్లింది.

ఈ మార్పుకూ ఒక న్యాయం ఉంది. చందాల మీద నడిచే సంస్థ కొన్ని వేల మందిని మాత్రమే చేరగలదు. మార్కెట్ పెట్టుబడి లక్షల మందిని చేరుతుంది. షావుకారు తప్ప దిక్కులేని ఎన్నో ఇళ్లకు ఆ డబ్బు అందింది కూడా. దాతల ఉత్సాహం చల్లారుతుందని రైఫైజెన్ కనుక్కున్నదే వీరూ కనుక్కున్నారు. ఆయన జవాబు అప్పు తీసుకునేవారినే యజమానుల్ని చేయటం. వీరి జవాబు పెట్టుబడిదారుల్ని యజమానుల్ని చేయటం. తేడా అంతా అక్కడే ఉంది.

2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి కంపెనీలు అనేకం ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో అప్పులిచ్చాయి. ఒక కిస్తీ కట్టటానికి ఇంకో చోట అప్పు తెచ్చిన ఇళ్లున్నాయి. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు రాష్ట్రాన్ని కుదిపాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఆగిపోయాయి, కంపెనీలు కుదేలయ్యాయి. ఎస్.కె.ఎస్. 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని పేరు మార్చుకుని, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. స్వచ్ఛంద సంస్థ, కంపెనీ, షేర్ మార్కెట్, బ్యాంకు. ఇవి కూడా నాలుగు రూపాలే.

ఈ నాలుగు రూపాల్లో ఆ ఐదుగురు మహిళల పూచీ చాలాకాలం అలాగే ఉండిపోయింది. వడ్డీ ఎంతో వారు నిర్ణయించలేదు. తమ వీధిలో ఇంకెన్ని కంపెనీలు అప్పులిస్తున్నాయో వారు ఆపలేరు. మిగులు ఎటు పోతుందో వారికి తెలియదు. పక్కింటావిడ కట్టకపోతే మాత్రం వారు కట్టాలి. రైఫైజెన్ సంఘంలో పొరుగువారి ఎరుక బీదవానికి కాపలా. ఇక్కడ అదే ఎరుక వసూలు సాధనమైంది. స్నేహితురాలే స్నేహితురాలి గుమ్మం ముందు కూర్చోవలసి వచ్చింది.

తాకట్టు తీసుకోవటానికి అప్పిచ్చినవాడు ఇంట్లోకి జొరబడకూడదని, బయటే నిలబడాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. పిండి విసిరే తిరగలిరాయిని తాకట్టు పట్టవద్దని కూడా అక్కడే ఉంది, ఎందుకంటే అది బతుకుదెరువు. అప్పుపడినవారి గౌరవానికి, బతుకుదెరువుకు ఒక గీత ఉందని దాని భావం. నేటి చట్టమూ అలాంటి గీతలే గీస్తోంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పుకు తాకట్టు అడగకూడదు. ఒక కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలకు కట్టే మొత్తం ఆ కుటుంబ నెల రాబడిలో సగం దాటకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు, దుర్భాషలాడకూడదు.

సంతకానికి ముందు

ప్రియ పాఠకులారా, మీలో చాలామంది ఏదో ఒక గ్రూపులో ఉన్నారు, లేదా మీ ఇంటివారున్నారు. తోటివారి కోసం సంతకం పెట్టేముందు కొన్ని ప్రశ్నలు అడగండి. అప్పు ఎవరికివ్వాలో చెప్పే మాట మా గ్రూపుకు ఉందా? పద్దు పుస్తకం మేము చూడవచ్చా? వడ్డీలో మిగిలేది ఎవరికి చేరుతుంది? ఈ అప్పు పనికా, పాత అప్పు తీర్చటానికా? కిస్తీ రోజు మా రాబడి రోజుతో కుదురుతుందా? ఒకరు జబ్బుపడితే ఏం చేస్తామో ముందే మాట్లాడుకున్నామా? వీటిలో ఎక్కువ వాటికి జవాబు లేదంటే, ఆ సంతకంతో మీకు దక్కేది పూచీ మాత్రమే. మీ పొదుపు సంఘంలో వీటికి జవాబుంటే దాన్ని కాపాడుకోండి, మీటింగు మానకండి, పద్దు ఒక్కరి చేతిలోనే ఏళ్ల తరబడి ఉండనివ్వకండి.

సంఘ కాపరులకూ పెద్దలకూ ఒక మాట. మనం పూచీదారులం కానక్కరలేదు, వసూలుదారులం అసలే కాకూడదు. కాని పద్దు చదవటం రాని తల్లికి దాన్ని చదివి చెప్పగలం. యౌవనస్థులకు వడ్డీ లెక్క నేర్పగలం. కిస్తీ తప్పిన ఇల్లు సిగ్గుతో ఆరాధనకు రావటం మానేస్తే వెళ్లి పలకరించగలం. సంఘంలోని కానుకల నిధి రొట్టెల సంఘం వంటిది. వరద వచ్చినప్పుడు, మరణం వచ్చినప్పుడు అది తెరుచుకోవాలి. అయితే వరద తీసిన మరుసటి రోజు ఆ కుటుంబానికి కావలసింది వేరే. తమ మాట చెల్లే బల్ల ముందు వారికి ఒక కుర్చీ కావాలి.